ఎవరి మూరతో కొలిచిన పటం? లేటెక్ టెంప్లేట్‌తో నా అనుభవం

కాకతీయుల కాలపు చెరువుల మీద సిద్ధాంత గ్రంథం రాసేవారు వాక్యాలకంటే పటాల మీదనే ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది. పాలంపేట దగ్గరి రామప్ప చెరువు, నర్సంపేట అవతలి పాఖాల, గోవిందరావుపేట మండలంలోని లక్నవరం, ఈ మూడింటి కట్టలు, తూములు, మత్తళ్ళు, ఆయకట్టు హద్దులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించడానికి నేను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటాలు గీసి, గ్రంథమంతా లేటెక్‌లో, అంటే పేజీ రూపాన్ని కమాండ్‌లతో రాసి చెప్పే సాఫ్ట్‌వేర్‌లో, కూర్చాను. సివిల్ ఇంజనీరింగ్‌లో పటం అలంకారం కోసం పెట్టేది కాదు. దాని కింద 1:50,000 అని రాసి ఉంటే కాగితం మీది 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు కావాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల స్వరూపం చూపే పటాలు) ఈ కొలతలో దొరుకుతాయి కాబట్టి పరీక్షకులు వాటిని పక్కన పెట్టుకొని పోల్చి చూడడం మామూలే.

హనుమకొండలో ప్రింటు తీయించిన ముసాయిదాను మా గైడ్ చేతికి ఇచ్చినప్పుడు, ఆవిడ మొదటి అధ్యాయం తెరవకుండా నేరుగా రామప్ప చెరువు పటం దగ్గరికి వెళ్ళి దాని మీద స్కేలు పెట్టారు. "ఈ కిలోమీటరు గీత 17 మిల్లీమీటర్లు కూడా లేదు, కింద 1:50,000 అని రాసి ఉంది, రెంట్ల ఏది నమ్మాలె?" అని అడిగారు. పటం మీద కిలోమీటరు దూరాన్ని చూపే ఆ గీత 20 మిల్లీమీటర్లు ఉండాలి. నేను క్యూజీఐఎస్‌లో పటం వెడల్పును మా పేజీలో అక్షరాలు పట్టే వెడల్పుకు సమానంగా, అంటే 147 మిల్లీమీటర్లుగా పెట్టి పీడీఎఫ్‌గా ఎగుమతి చేశాను. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. బైండింగ్ కోసం ఎడమ వైపు 38, కుడి వైపు 25 వదిలితే మిగిలేది ఆ 147. లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా ప్రింటు మీద పటం వెడల్పు కొలిస్తే 123 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంది. ఆ కుదింపుతో పటం అసలు నిష్పత్తి దాదాపు 1:59,600 అయిపోయింది. గీతల స్కేలు పటంతోపాటే కుదించుకుపోయింది కాబట్టి దానితో దూరాలు కొలిస్తే సరిగానే వస్తాయి, అంకెల్లో రాసిన నిష్పత్తి మాత్రం అబద్ధమైపోయింది.

మా విభాగంలో గ్రంథం రూపురేఖలను నిర్ణయించడానికి వాడే టెంప్లేట్ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని ఒక్కరు రాయలేదు. గ్రంథం సమర్పించి వెళ్ళిపోయిన పరిశోధకులు ఒకరి తరువాత ఒకరు తమకు కావలసిన వరుసలు చేర్చుకుంటూ కింది వాళ్ళకు ఇచ్చిన ఫైలు అది. ఏ వరుస ఎందుకు ఉందో అడుగుదామంటే రాసినవాళ్ళు ఏ బెంగళూరులోనో, ఏ విదేశంలోనో ఉంటారు. టెంప్లేట్‌తో పని జరుగుతున్నంత కాలం ఎవరూ దాన్ని తెరిచి చూడరు, నేనూ అంతవరకు చూడవలసిన అవసరం రాలేదు.

ల్యాబ్‌లో పక్కన కూర్చునే జూనియర్ వెంటనే సలహా ఇచ్చాడు. "అన్నా, బొమ్మ పెట్టే కమాండ్‌ల స్కేల్ ఈక్వల్స్ వన్ అని రాయి, ఉన్న సైజుల వస్తది." సలహా సబబైనదే. లేటెక్‌లో బొమ్మలు చేర్చడానికి గ్రాఫిక్స్‌ఎక్స్ ప్యాకేజీ (అదనపు కమాండ్‌ల మూట), అందులోని ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ కమాండ్ వాడతాం. దానికి స్కేల్ 1 అని చెబితే ఫైలులో ఉన్న సహజ పరిమాణంలోనే బొమ్మ రావాలి. అలా రాసి కంపైల్ చేస్తే, అంటే ఫైలును పీడీఎఫ్‌గా మార్పిస్తే, పటం ఇసుమంతైనా కదలలేదు. 0.5 అని రాసినా, 2 అని రాసినా అదే 123. తప్పు విలువ ఇస్తే తప్పు పరిమాణం రావాలి గానీ, ఏ విలువ ఇచ్చినా ఒకే పరిమాణం వస్తోందంటే, మన మాట కమాండ్‌కు చేరేలోపే ఇంకెవరో దానికి ఆజ్ఞ ఇచ్చి ఉంచారన్నమాట.

అక్కడి నుంచి అంకెలు మార్చి చూడడం మానేసి కొలవడం మొదలుపెట్టాను. ముందుగా పటం ఫైలు నిర్దోషి అవునో కాదో తేల్చుకోవాలి. పీడీఎఫ్‌ఇన్ఫో అనే చిన్న పరికరంతో చూస్తే ఆ ఫైలు వెడల్పు దాదాపు 416.7 పాయింట్లని చూపించింది. అదే ఫైలును లేటెక్ చదివినప్పుడు కంపైల్ సంగతులు నమోదయ్యే లాగ్ ఫైలులో 418 పాయింట్లకు కొంచెం పైన రాసింది. ఈ తేడా చూసి చాలామంది కంగారుపడతారు, కానీ ఇందులో లోపమేమీ లేదు. అంగుళానికి 72 పాయింట్లని పీడీఎఫ్, పోస్ట్‌స్క్రిప్ట్ లోకం లెక్కిస్తే, లేటెక్‌కు పునాది అయిన, డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్ పాత అచ్చు కొలతను అనుసరించి అంగుళానికి 72.27 పాయింట్లని లెక్కిస్తుంది. రెండు లెక్కల్లోనూ అది 147 మిల్లీమీటర్లే. తరువాత మా టెంప్లేట్‌ను పక్కన పెట్టి, లేటెక్‌తో వచ్చే రిపోర్ట్ క్లాస్ అనే మామూలు పేజీ అమరికతో, అవే మార్జిన్లతో, ఆ ఒక్క పటంతో పది వరుసల ఫైలు రాసి కంపైల్ చేస్తే కిలోమీటరు గీత సరిగ్గా 20 మిల్లీమీటర్లు వచ్చింది. దానితో అనుమానమంతా టెంప్లేట్ మీదికే తిరిగింది.

లేటెక్‌లో బొమ్మ వెడల్పును చాలావరకు నిష్పత్తిగా చెబుతాం: టెక్స్ట్‌విడ్త్‌లో 0.9 వంతు, లైన్‌విడ్త్‌లో సగం, ఇలా. మూరెడు పూలు కొనేటప్పుడు ఎవరి చేతి మూర అని చూసుకుంటాం కదా, ఇక్కడా అంతే, 0.9 అనే అంకెకంటే, ఆ కమాండ్ నడిచే చోట టెక్స్ట్‌విడ్త్ విలువ ఎంత అన్నదే అసలు ప్రశ్న. పేజీలో అక్షరాలు పట్టే మొత్తం వెడల్పు టెక్స్ట్‌విడ్త్. రెండు కాలమ్‌ల పత్రంలో ఒక్క కాలమ్ వెడల్పు కాలమ్‌విడ్త్. జాబితాలాంటి వాటి లోపల ఇంకా కుదించుకుపోయిన ప్రస్తుత పంక్తి వెడల్పు లైన్‌విడ్త్. ఒక్క కాలమ్ గ్రంథంలో, మామూలు పేరాలో ఈ మూడూ ఒకటే కాబట్టి ఎవరు ఏది వాడినా నడిచిపోతుంది, అందుకే అలవాటు కూడా చెడిపోతుంది.

ఈ విలువలను లేటెక్ నోటితోనే చెప్పించవచ్చు. టైప్‌అవుట్ అనే కమాండ్‌తో ఒక కొలత విలువను లాగ్ ఫైలులో రాయమంటే రాసిపెడుతుంది. నేను ఆ వరుసను రెండు చోట్ల పెట్టాను, ఒకటి పటానికి ముందున్న మామూలు పేరాలో, రెండోది పటం పెట్టిన ఎన్విరాన్‌మెంట్ (మొదలు, ముగింపు కమాండ్‌ల మధ్య భాగం) లోపల. మొదటి చోట టెక్స్ట్‌విడ్త్ 418.25 పాయింట్లని వచ్చింది. రెండో చోట అదే టెక్స్ట్‌విడ్త్ 351 పాయింట్లని వచ్చింది. 351 పాయింట్లంటే 123.4 మిల్లీమీటర్లు. గైడ్ గారి స్కేలు చూపించిన అంకె నిలబడి కనిపించింది.

పేరు అదే, పేజీ అదే, విలువ మాత్రం వేరు. దీనికి కారణం మినీపేజ్, అంటే పేజీలోనే సొంత వెడల్పుతో ఉండే చిన్న పేజీలాంటి పెట్టె. మా టెంప్లేట్‌లో బొమ్మల కోసం ఎవరో సొంతంగా ఒక ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి, బొమ్మనూ దాని కింది శీర్షికనూ ఒకే వెడల్పులో ఉంచాలన్న ఉద్దేశంతో రెండింటినీ కలిపి మినీపేజ్‌లో పెట్టారు. మినీపేజ్ లోపలికి వెళ్ళగానే లేటెక్ టెక్స్ట్‌విడ్త్, కాలమ్‌విడ్త్, లైన్‌విడ్త్ మూడింటినీ ఆ మినీపేజ్ వెడల్పుకు మార్చేస్తుంది. బయటికి వచ్చాక మళ్ళీ పాత విలువలు వస్తాయి. కాబట్టి లోపల "పూర్తి టెక్స్ట్‌విడ్త్" అని రాసినా వచ్చేది పేజీ వెడల్పు కాదు. వెడల్పు 147 మిల్లీమీటర్లని నేరుగా రాసి చూస్తే పటం సరైన కొలతలోనే వచ్చింది, కానీ మినీపేజ్‌లోంచి కుడి వైపుకు పొడుచుకొచ్చింది; లాగ్‌లో ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్ అనే హెచ్చరిక 67 పాయింట్ల పైచిలుకు ఎక్కువైందని చెప్పింది. 418.25 నుంచి 351 తీసేస్తే మిగిలేది అదే. ఈ హెచ్చరికలను చూడకుండా దాటేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. లేటెక్ ఎంత ఎక్కువైందో దశాంశాలతో సహా చెబుతుంది కాబట్టి, ఆ అంకెను తెలిసిన వెడల్పులతో కూడి తీసి చూస్తే దోషం ఎక్కడ పుట్టిందో చాలాసార్లు దొరికిపోతుంది.

ఇంతకీ ఆ 351 ఎక్కడిది? మినీపేజ్ వెడల్పుగా టెంప్లేట్‌లో ఒక కొత్త కొలతను ప్రకటించి, దానికి టెక్స్ట్‌విడ్త్‌లో 0.9 వంతు అని విలువ ఇచ్చారు. 418.25లో 0.9 వంతంటే 376 పాయింట్ల పైన రావాలి. 351 అంటే 390లో 0.9 వంతు. 390 అనే అంకె రిపోర్ట్ క్లాస్‌ను 12 పాయింట్ల అక్షరంతో వాడినవాళ్ళకు తెలిసినదే, మార్జిన్లు మనం చెప్పకముందు ఆ క్లాస్ తనంతట తాను పెట్టుకునే టెక్స్ట్‌విడ్త్ అది. ఫైలు తెరిచి చూస్తే సంగతి బయటపడింది. కొలతకు విలువ ఇచ్చే వరుస పైన ఉంది, మార్జిన్లు నిర్ణయించే జియోమెట్రీ ప్యాకేజీ వరుస దాని కింద ఉంది. లేటెక్‌లో ఒక కొలతకు విలువ ఇస్తే ఆ క్షణంలో ఉన్న అంకె అందులో గడ్డకట్టుకుపోతుంది, తరువాత టెక్స్ట్‌విడ్త్ మారినా ఇది మారదు. బహుశా ఎవరో మార్జిన్ల నిబంధన మారినప్పుడు జియోమెట్రీని చివర్లో చేర్చి ఉంటారు. అప్పటి నుంచి ఆ టెంప్లేట్‌తో వచ్చిన ప్రతి గ్రంథంలోనూ బొమ్మలు ఉండవలసిన దానికంటే 9 మిల్లీమీటర్లు సన్నగా వచ్చి ఉంటాయి. గ్రాఫులు, ఫోటోలు మాత్రమే ఉన్నవాళ్ళకు అది కనిపించే దోషం కాదు. నిష్పత్తి రాసిన పటం ఉంటేనే అది పట్టుబడుతుంది.

స్కేల్ ఎందుకు పనిచేయలేదన్న ముడి మాత్రం ఇంకా మిగిలింది. దానికోసం టెంప్లేట్ ప్రియాంబుల్‌లో (అసలు పాఠానికి ముందుండే అమరికల భాగంలో) సగం సగం వరుసలను లేటెక్ పట్టించుకోని వ్యాఖ్యలుగా మార్చి కంపైల్ చేస్తూ, సమస్య ఏ సగంలో ఉందో చూసుకుంటూ దిగాను. ఇది పాతకాలపు పద్ధతే అయినా ఎవరి ఫైలో తెలియని చోట దీనికి మించినది నాకు కనిపించలేదు. చివరికి దొరికినది ఒక్క వరుస, సెట్‌కీస్ అనే కమాండ్‌తో గ్రాఫిక్స్‌ఎక్స్‌కు చెందిన జిన్ అనే కీల గుంపుకు "వెడల్పు ఎప్పుడూ లైన్‌విడ్త్ అంత" అని శాశ్వతంగా చెప్పి ఉంచారు. ఈ వరుస ఉన్నంత కాలం ప్రతి బొమ్మకూ వెడల్పు ముందే నిర్ణయమై ఉంటుంది. మనం వెడల్పును మళ్ళీ చెబితే పాతది పోయి కొత్తది వస్తుంది గానీ, స్కేల్ అని చెబితే ఆ ముందే ఉన్న వెడల్పుదే పైచేయి అవుతుంది. గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌తో వాడే స్వీవ్ స్టైల్ ఫైలులోనూ ఇలాంటిదే ఉంటుంది, అది ప్రతి బొమ్మనూ టెక్స్ట్‌విడ్త్‌లో 0.8 వంతుకు తెస్తుంది. ఆ పద్ధతి నుంచి టెంప్లేట్ తెచ్చుకున్నవాళ్ళకు నా కథే ఎదురవుతుంది. ఒక్క బొమ్మకు మాత్రం ఈ ఆజ్ఞను రద్దు చేయాలంటే వెడల్పు దగ్గర అంకెకు బదులు ఆశ్చర్యార్థక గుర్తు పెట్టాలి. అప్పుడు గ్రాఫిక్స్‌ఎక్స్ సహజ పరిమాణానికి తిరిగి వెళ్తుంది.

ఆ వరుసను రాసినవారిని తప్పుపట్టలేను. దాన్ని తీసేసి కంపైల్ చేయగానే క్షేత్ర పర్యటనలో ఫోన్‌తో తీసిన మత్తడి ఫోటోలు పేజీ దాటి పోయాయి. 4000 పిక్సెళ్ళ వెడల్పు గల ఫోటోలో అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో రాసి లేకపోతే నేరుగా పీడీఎఫ్ తయారుచేసే లేటెక్ రూపమైన పీడీఎఫ్‌లేటెక్ 72 అనే అనుకుంటుంది. ఆ లెక్కన ఫోటో 55 అంగుళాలు దాటుతుంది, అంటే దాదాపు 1.4 మీటర్లు. అలాంటి ఫోటోలు పదుల కొద్దీ పెట్టుకున్న ఎవరో విసిగిపోయి ఆ ఒక్క వరుసతో అన్నిటినీ అదుపులోకి తెచ్చి ఉంటారు. నా అభ్యంతరమల్లా పెద్ద బొమ్మను కుదించడంతో ఆగకుండా, చిన్న బొమ్మను సాగదీయడం, సరైన కొలతలో ఉన్నదాన్ని మార్చడం గురించే. అడ్జస్ట్‌బాక్స్ ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్ అనే ఎంపికతో పిలిస్తే ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్‌కు "గరిష్ఠ వెడల్పు" అని చెప్పే వీలు వస్తుంది. బొమ్మ ఆ హద్దు దాటితేనే కుదిస్తుంది, లేకపోతే ముట్టుకోదు. ఫోటోలకు నేను అదే వాడాను.

టెంప్లేట్‌లో చివరికి చేసిన మార్పులు చాలా చిన్నవి. జిన్ వరుసను తీసేశాను. 0.9 వంతు అన్న కొలతను గడ్డకట్టే కొలతగా కాక, వాడినప్పుడల్లా అప్పటి టెక్స్ట్‌విడ్త్ చూసి లెక్కవేసే సాధారణ మ్యాక్రోగా మార్చాను. ఎన్విరాన్‌మెంట్‌లోని మినీపేజ్‌ను పటాలకు పూర్తిగా తొలగించి, శీర్షిక వెడల్పును క్యాప్షన్ ప్యాకేజీకి అప్పగించాను. పటాలన్నిటినీ సహజ పరిమాణంలో, వెడల్పు గానీ స్కేల్ గానీ ఏదీ చెప్పకుండా పెట్టాను. వాటి పరిమాణం నిర్ణయించవలసింది క్యూజీఐఎస్ లేఅవుట్, లేటెక్ కాదు. గ్రాఫుల విషయంలోనూ ఇదే నియమం పాటించడం మంచిది. 10 అంగుళాల వెడల్పుతో 10 పాయింట్ల అక్షరాలతో గీసిన గ్రాఫును 5.2 అంగుళాలకు కుదిస్తే అక్షరాలు 5.2 పాయింట్లకు పడిపోతాయి, వాటిని చదవడానికి పరీక్షకులకు భూతద్దం ఇవ్వాలి. గీసేటప్పుడే 5.2 అంగుళాల వెడల్పు పెట్టుకుంటే ఈ బాధ లేదు.

ఈ క్రమంలో మిగతావి కొన్ని వాటంతటవే అర్థమయ్యాయి. రెండు తూముల ఫోటోలను పక్కపక్కన పెట్టిన చోట అవి వేలెడంత ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఒక్కో ఫోటోను ఉంచే సబ్‌ఫిగర్‌కు టెక్స్ట్‌విడ్త్‌లో 0.48 వంతు ఇచ్చి, లోపల ఫోటోకు కూడా టెక్స్ట్‌విడ్త్‌లో 0.48 వంతు అని రాస్తే, సబ్‌ఫిగర్ కూడా మినీపేజే కాబట్టి రెండుసార్లు కోత పడి 34 మిల్లీమీటర్లు మిగులుతుంది. లోపల పూర్తి లైన్‌విడ్త్ అని రాస్తే సరిపోతుంది. పాఖాల ఆయకట్టు పటాన్ని అడ్డంగా తిప్పిన పేజీలో పెట్టినప్పుడు మాత్రం టెక్స్ట్‌విడ్త్‌ను నమ్మకూడదు. ల్యాండ్‌స్కేప్ ఎన్విరాన్‌మెంట్ లైన్‌విడ్త్‌ను మారుస్తుంది, టెక్స్ట్‌విడ్త్‌ను పాత విలువతోనే వదిలేస్తుంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకొని తీసిన ఫోటోలు పక్కకు పడుకొని రావడం వేరే సంగతి. ఎటు తిప్పి చూపాలో ఫోన్ ఫోటోలో ఒక గుర్తుగా రాస్తుంది, పీడీఎఫ్‌లేటెక్ దాన్ని పట్టించుకోదు. ఇమేజ్‌మ్యాజిక్ అనే పరికరంతో ఫోటోలను ముందే నిజంగా తిప్పి భద్రపరచుకోవడం నయం. లేటెక్‌లోనే తిప్పేటట్లయితే కోణం ముందు, వెడల్పు తరువాత రాయాలి, ఎందుకంటే ఆ ఎంపికలు ఎడమ నుంచి కుడికి వరుసగా అమలవుతాయి. వెడల్పు ముందు రాస్తే, తిప్పిన తరువాత అది ఎత్తు అయి కూర్చుంటుంది. వెడల్పు, ఎత్తు రెండూ ఇచ్చేటట్లయితే కీప్‌ఆస్పెక్ట్‌రేషియో కూడా చేర్చకపోతే కట్ట మీది తాటిచెట్లు పొట్టివై లావెక్కుతాయి.

ఇంకొక చిక్కు నన్ను కాసేపు అయోమయంలో పెట్టింది. లక్నవరం పటాన్ని పీఎన్‌జీగా మళ్ళీ ఎగుమతి చేసినా పేజీలో పాత పటమే వస్తోంది. ఫైలు పేరు చివర .png వంటి పొడిగింపు రాయలేదు, అదే ఫోల్డర్‌లో అదే పేరుతో పాత పీడీఎఫ్ ఒకటి ఉంది. పొడిగింపు లేకపోతే ఇప్పటి లేటెక్ ముందుగా పీడీఎఫ్ కోసం వెతుకుతుంది. లాగ్ ఫైలులో ఏ ఫైలు వాడిందో పూర్తి పేరుతో ఉంటుంది కాబట్టి చూసిన వెంటనే తేలిపోయింది. ఆ తరువాత ప్రతి బొమ్మకూ పొడిగింపు రాయడం నియమంగా పెట్టుకున్నాను.

తెర మీద అన్నీ సరిపోయాక పటం పేజీ ఒక్కటే ప్రింటు తీయించడానికి హనుమకొండ చౌరస్తా వైపున్న జిరాక్స్ షాపుకు వెళ్ళాను. కిలోమీటరు గీత ఈసారి 19 మిల్లీమీటర్ల పైన వచ్చింది, 20 మాత్రం కాలేదు. లేటెక్ పీడీఎఫ్‌లో కొలిస్తే 20 ఉంది. ప్రింటు ఇచ్చే కిటికీలో "ఫిట్" అని ఎంచుకొని ఉండడం వల్ల ప్రింటర్ పేజీ మొత్తాన్ని తన అంచులకు సరిపోయేలా కొద్దిగా కుదించింది. "యాక్చువల్ సైజ్" పెట్టమని అడిగితే షాపాయన, "అట్ల పెడితే అంచులు కట్ అయితయి సార్, మళ్ళ మమ్మల్నే అంటరు" అన్నాడు. ఏ వైపు చూసినా 25 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా ఖాళీ ఉందని చూపించాక ఒప్పుకున్నాడు. ఆ పేజీ మీద స్కేలు పెట్టి 20 మిల్లీమీటర్లు సరిచూసుకున్న తరువాతే మిగతా గ్రంథం కాపీలకు ఆర్డరు ఇచ్చాను. టెంప్లేట్‌ను జూనియర్‌కు ఇచ్చేముందు, మార్చిన ప్రతి వరుస పక్కన అది ఎందుకు ఉందో, దేన్ని తీసేసి పెట్టానో తెలుగులో వ్యాఖ్యగా రాసి ఇచ్చాను.